మంటలార్పే సిలిండర్ రూపకల్పనలో చేతికి చోటెక్కడ?

సంపాదకులకు నమస్కారం.

అగ్నిప్రమాదం వార్త వచ్చిన ప్రతిసారీ, అక్కడ మంటలార్పే సిలిండర్లు ఉన్నాయా, ఉంటే వాటి గడువు తీరిపోయిందా అన్న రెండు ప్రశ్నలతోనే పత్రికల్లో చర్చ ముగిసిపోవడం గమనిస్తున్నాను. ఆ రెండూ అడగవలసినవే. మూడో ప్రశ్న ఒకటుంది, దాన్ని అడిగేవారు తక్కువ. గడువు తీరని, నిండుగా ఉన్న సిలిండర్‌ను జీవితంలో తొలిసారి చేతిలోకి తీసుకున్న మనిషి, ఎదురుగా మంట లేస్తుండగా, దానితో పని చేయించగలడా? ఈ పరికరాలను విప్పి, తనిఖీ చేసి, తిరిగి నింపే పనిలో చాలాకాలంగా ఉన్నవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, వీటి రూపకల్పనలో సిలిండర్‌కు దక్కినంత శ్రద్ధ దాన్ని పట్టుకునే చేతికి దక్కలేదు. ఆ మాట ఎందుకంటున్నానో వివరించడానికి మీ పత్రికలో కాస్త చోటు కోరుతున్నాను.

ముందు లోపల ఏముందో చెప్పాలి. నేడు ఎక్కువగా కనిపించే పొడి సిలిండర్‌లో మంటనార్పే పొడీ, దాన్ని బయటికి తోసే నైట్రోజన్ వాయువూ ఒకే పాత్రలో ఉంటాయి. లోపలి పీడనం సుమారు 12 నుంచి 15 బార్లు, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు అన్ని రెట్లు. పాత్ర తలమీద వాల్వు, వాల్వు నుంచి పాత్ర అడుగు దాకా దిగే ఒక గొట్టం ఉంటాయి. మీట నొక్కితే వాల్వు తెరుచుకుంటుంది, పైభాగాన ఉన్న వాయువు పొడిని కిందికి అదుముతుంది, పొడి ఆ గొట్టంలోంచి పైకెక్కి నాజిల్ గుండా చిమ్ముతుంది. మీట వదిలితే స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. కదిలే భాగాలు వేళ్లమీద లెక్కపెట్టదగినన్నే. ఇంత సరళమైన అమరిక కుదరడానికి నూరేళ్లకు పైగానే పట్టింది.

1818 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన కెప్టెన్ జార్జ్ విలియం మాన్బీ రూపొందించిన రాగిపాత్రలో 3 గాలన్ల పొటాషియం కార్బొనేట్ ద్రావణం, దాన్ని తోయడానికి అదిమి నింపిన గాలి ఉండేవి. నేటి సిలిండర్ మూలసూత్రం అదే. ఆ శతాబ్ది రెండో సగంలో వాడుకలోకి వచ్చిన సోడా ఆమ్లం పరికరం వేరే దారి పట్టింది. పాత్రను తలకిందులు చేసినా, కొన్నింటిలో పైనున్న గుండీని కొట్టినా, సీసాలోని గంధకామ్లం సోడా ద్రావణంలో కలిసి, అక్కడికక్కడే కార్బన్ డయాక్సైడ్ పుట్టి, నీటిని బయటికి నెట్టేది. ఒకసారి మొదలైతే ఆపడానికి వీలుండేది కాదు. నాజిల్ మూసుకుపోయి, పాత్ర తుప్పుపట్టి ఉంటే, దాన్ని మోస్తున్న మనిషి చేతుల్లోనే పగిలే ప్రమాదముండేది. అమెరికాలో ఈ తలకిందుల రకాల తయారీ 1969లో నిలిచిపోయింది. 1910 తర్వాత పైరీన్ పేరుతో వచ్చిన ఇత్తడి చేతిపంపు మోటారు వాహనాల్లో అమర్చుకునేంత చిన్నది, చేతికి వాటమైనది. కాని అది చిమ్మే కార్బన్ టెట్రాక్లోరైడ్ ఆవిరి ఒంటికి హానికరం, మంట వేడికి దాని నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టేది. తర్వాత వచ్చిన హాలన్ 1211 అనే రసాయనం మంటను చక్కగా ఆర్పేది, మరకలు మిగిల్చేది కాదు, కాని ఓజోన్ పొరను దెబ్బతీసేది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందాన్ని అనుసరించి అభివృద్ధి చెందిన దేశాల్లో దాని తయారీ 1993 చివరికి ఆగిపోయింది.

ఈ చరిత్రలో పెద్ద మలుపులన్నీ లోపలి పదార్థం వల్లనో పాత్ర వల్లనో వచ్చినవే. చేతి కోసం వచ్చిన మార్పు అని గట్టిగా చెప్పుకోదగినది, వదిలితే ఆగిపోయే మీట ఒక్కటే. దాని దగ్గర కూడా పని సగంలోనే ఆగిందని నేననుకుంటాను.

ఆ మీట సంగతే చూద్దాం. పైన రెండు మీటలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. కిందిది కదలదు, అది మోయడానికి. పైది నొక్కడానికి. పై మీట పొరపాటున దిగకుండా ఒక పిన్ను అడ్డంగా దూరి ఉంటుంది. ఆ పిన్ను జారిపోకుండా సన్నని ప్లాస్టిక్ సీలు వేస్తారు. సీలు తెగి ఉంటే ఎవరో పరికరాన్ని కదిలించారని తనిఖీ చేసేవారికి తెలుస్తుంది. గోడమీద ఉన్నంతకాలం ఇదంతా సవ్యమైన ఏర్పాటే. ఆపద వచ్చినప్పుడు మాత్రం, అలవాటు లేని మనిషి సిలిండర్‌ను కొక్కెం నుంచి దించి, రెండు మీటలనూ కలిపి గుప్పిట్లో బిగించి మంట దగ్గరికి పరుగెడతాడు. మోసే చోటూ నొక్కే చోటూ ఒక్కటే అయినప్పుడు మరోలా పట్టుకుంటాడని ఎలా ఆశిస్తాం? అలా పట్టుకుంటే పై మీట పిన్నుమీద బరువు మోపుతుంది, ఆ రాపిడికి పిన్ను కదలదు. పిన్ను రాకపోయేసరికి కంగారు పెరుగుతుంది, కంగారుతో పట్టు ఇంకా బిగుస్తుంది, పట్టు బిగిసినకొద్దీ పిన్ను ఇంకా గట్టిగా ఇరుక్కుంటుంది. శిక్షణ తరగతుల్లో నేను మళ్లీ మళ్లీ చూసేది ఇదే. దృఢమైన చేతులున్నవారు కూడా అక్కడే ఆగిపోతారు. సిలిండర్‌ను నేలమీద నిలబెట్టి, లేదా కింది మీటను మాత్రమే పట్టుకుని, పిన్ను లాగితే ఇట్టే వచ్చేస్తుంది. లేబుల్‌మీద మాత్రం 'పిన్ను లాగండి' అని తప్ప, పై మీటను వదిలి లాగండి అని రాసి ఉండడం నేను చాలా అరుదుగా చూశాను.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టనక్కరలేదు. కార్ట్‌రిడ్జ్ రకం సిలిండర్లలో పొడి ఉన్న పాత్రలో పీడనం ఉండదు. కార్బన్ డయాక్సైడ్ నింపిన చిన్న కార్ట్‌రిడ్జ్ ఒకటి విడిగా ఉంటుంది. తలమీది గుండీని కొడితే అది పంక్చరై, పాత్ర పీడనంతో నిండుతుంది. వాటిలో చాలా రకాలకు చిమ్మడాన్ని అదుపు చేసే మీట బయటి గొట్టం చివర, నాజిల్ దగ్గరే ఉంటుంది. ఒక చేయి మోస్తుంది, మరో చేయి గురిపెట్టి నొక్కుతుంది. పైగా పాత్రలో ఏళ్ల తరబడి పీడనం ఉండదు కనుక లీకు భయం తక్కువ, మూత విప్పి పొడి స్థితిని కళ్లారా చూసుకోవచ్చు. భాగాలు ఎక్కువ, కొట్టిన తర్వాత పాత్ర నిండేదాకా క్షణకాలం ఆగాలి, ఆ సంగతి తెలియనివాడు పనిచేయడం లేదనుకుని వదిలేయవచ్చు. ఇవన్నీ లోపాలే, కాదనను. అయినా మోసే చేతిని, నొక్కే చేతిని వేరుచేసిన ఆ ఒక్క ఏర్పాటును మామూలు పొడి సిలిండర్లకు కూడా తేవడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు.

బయట గొట్టం లేని చిన్న సిలిండర్లది మరో ఇబ్బంది. వాటిలో నాజిల్ నేరుగా వాల్వుకే బిగించి ఉంటుంది కాబట్టి గురి మార్చాలంటే సిలిండర్‌నే తిప్పాలి. మంట నేలమీద ఉంటే మనిషి సహజంగానే సిలిండర్‌ను ముందుకు వంచుతాడు, కొందరు దాదాపు పడుకోబెడతారు. అప్పుడు లోపలి గొట్టం మూతి పొడిలోంచి బయటపడుతుంది, వాయువు ఒంటరిగా బుస్సుమని పోతుంది, పొడి లోపలే మిగిలిపోతుంది. నిటారుగా పట్టుకోమని చెప్పడం తేలికే. నిటారుగా పట్టుకుంటే తప్ప పనిచేయని వస్తువును, వంచితే తప్ప గురికుదరని ఆకారంలో తయారుచేయడం ఏమి న్యాయమో నాకు అర్థం కాదు. చిన్నదైనా ఒక జానెడు గొట్టం పెడితే ఈ చిక్కు తీరుతుంది.

ఇక లోపలి పీడనాన్ని సూదితో చూపే గేజ్. సూది ఆకుపచ్చ భాగంలో ఉంటే సిలిండర్ సిద్ధంగా ఉన్నట్టేనని చాలామంది నమ్మకం. గేజ్ చెప్పేది వాయువు పీడనం గురించి, పొడి గురించి కాదు. తేమ చేరి పొడి అడుగున గడ్డకట్టినా సూది ఆకుపచ్చలోనే నిలుస్తుంది. తేమ అంటకుండా పొడి రేణువులకు సిలికోన్ పూత వేస్తారు, అది చాలావరకు కాపాడుతుంది. కాని నింపేటప్పుడు చేసిన అజాగ్రత్తను ఏ పూతా సరిదిద్దలేదు. దీనికి తోడు ఇంకొక అలవాటుంది. పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక్కసారి మీట నొక్కి, కాస్త పొడి రాగానే వదిలి, తిరిగి గోడకు తగిలించేస్తారు. వాల్వు మూసుకునేటప్పుడు దాని అంచున నాలుగు రేణువులు చిక్కుకున్నా చాలు, ఆ సందులోంచి వాయువు మెల్లగా కారిపోతుంది. ఆ పూట నిండుగా కనిపించిన సిలిండర్ కొన్నాళ్లకు ఒట్టి పాత్రగా మిగులుతుంది. ఒక్క క్షణం వాడినా మళ్లీ పూర్తిగా నింపించాలన్న నియమం ఇందుకే. ఆ నియమం నిర్వహణ పుస్తకాల్లో స్పష్టంగా ఉంటుంది, సిలిండర్‌మీద ఉన్నా కంటికి ఆననంత సన్నని అక్షరాల్లో ఉంటుంది.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కైతే అసలు గేజే ఉండదు, దానికి కారణం తెలుసుకోదగినది. అందులో వాయువు ఒత్తిడికి ద్రవంగా మారి ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని పీడనం సుమారు 57 బార్లు. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతవరకు, నిండు సిలిండర్‌లోనూ సగం ఖాళీ అయిన సిలిండర్‌లోనూ అదే పీడనం ఉంటుంది కాబట్టి, గేజ్ పెట్టినా అది ఏమీ చెప్పదు. తూకం వేసి చూడటమే దారి. వేడి పెరిగితే పీడనం వేగంగా పెరుగుతుంది. మామూలుగా నింపిన సిలిండర్‌లో 50 డిగ్రీల దగ్గర అది 100 బార్లను మించిపోతుంది. అందుకే ఆ పాత్రను పొడి సిలిండర్ పాత్రకంటే ఎంతో మందంగా, 200 బార్లకు మించిన పీడనం పెట్టి పరీక్షించి తయారుచేస్తారు, పీడనం హద్దు దాటితే ముందే చిరిగిపోయే ఒక పలుచని బిళ్లను వాల్వులో అమరుస్తారు. పాత్రమీద ఎంత శ్రద్ధ పెట్టారో చూడండి. ఆ శ్రద్ధకు మూల్యం బరువు. ఉక్కు పాత్ర బరువు లోపలి వాయువు బరువుకంటే ఎక్కువ. ఆ బరువంతా మోసేది చేయే.

ఆ సిలిండర్‌కు ఉండే వెడల్పాటి నల్లని హారన్, అంటే వాయువు బయటికొచ్చే గరాటులాంటి మూతి, సంగతీ చెప్పాలి. వాయువు సన్నని రంధ్రంలోంచి మహావేగంతో వస్తుంది. ఆ వేగంతోనే మంటమీద పడితే మండుతున్న ద్రవాన్ని చెదరగొడుతుంది, చుట్టుపక్కల గాలిని కూడా లాక్కొస్తుంది. హారన్ ఆ వేగాన్ని తగ్గించి, వాయువును మందమైన మేఘంలా మంటమీద పరుస్తుంది. మంచి రూపకల్పన అది. కాని ద్రవం వాయువుగా మారేటప్పుడు దానిలో కొంత భాగం మైనస్ 78 డిగ్రీల మంచుగా గడ్డకడుతుంది, హారన్ విపరీతంగా చల్లబడుతుంది. చేతికి పట్టు ఎక్కడని వెతికే మనిషి పట్టుకునేది ఆ హారన్‌నే, ఎందుకంటే పట్టుకోవడానికి అనువుగా కనిపించేది అదొక్కటే. చర్మం అంటుకుపోయి గాయమవుతుంది. కొన్ని రకాల్లో హారన్ మెడకు విడిగా పిడి అమర్చారు, చలి తగలని హారన్లూ వచ్చాయి. అవి లేని సిలిండర్లు ఇంకా గోడలమీద వేలాడుతూనే ఉన్నాయి. ఇరుకైన మూసివున్న గదిలో ఈ వాయువు ఊపిరాడకుండా చేస్తుందన్న హెచ్చరిక కూడా వాడే మనిషి చూపు పడే చోట ఉండదు.

వాడే మనిషి నుంచి మొదలుపెట్టి ఆలోచిస్తే పరికరం ఎలా ఉంటుందో చూపడానికి, వంటనూనె మంటల కోసం వచ్చిన తడి రసాయనం సిలిండర్ మంచి ఉదాహరణ. సలసల కాగుతున్న నూనెలో నీళ్లు పడితే అవి క్షణంలో ఆవిరై సుమారు 1,700 రెట్లు వ్యాపించి, మండుతున్న నూనెను నలువైపులా ఎగజిమ్ముతాయి. పొడిని జోరుగా కొట్టినా నూనె చిందుతుంది, మంట ఆరినట్టే ఆరి మళ్లీ అంటుకుంటుంది. తడి రసాయనం సిలిండర్‌కు పొడవాటి కడ్డీ, దాని చివర మెత్తగా జల్లు కురిపించే నాజిల్ పెట్టారు. మనిషి దూరంగా నిలబడతాడు, జల్లు నూనెను కదిలించకుండా పైన వాలుతుంది, అందులోని పొటాషియం లవణం వేడి నూనెతో కలిసి సబ్బులాంటి పొరగా ఏర్పడి, గాలి తగలకుండా కప్పేస్తుంది. మనిషి ఎక్కడ నిలబడతాడు, చేయి ఎంత దూరం చాస్తాడు అన్న ప్రశ్నలకు ఇక్కడ రసాయనంతో సమానమైన గౌరవం దక్కింది.

గుర్తుల విషయంలో ఆ గౌరవం లేదు. సిలిండర్‌మీద ఉండే ఏ, బి, సి అక్షరాలు ఏయే మంటలకు పనికొస్తుందో చెప్పడానికి ఉద్దేశించినవి. ఐరోపా పద్ధతిలో సి అంటే మండే వాయువులు. అమెరికా పద్ధతిలో సి అంటే కరెంటు ప్రవహిస్తున్న పరికరాలు. వంటనూనె మంటను ఒకరు ఎఫ్ అంటారు, మరొకరు కె అంటారు. ఈ అక్షరాలు నిపుణుల మధ్య పనికొస్తాయి, కళ్లముందు పొగ లేస్తున్నప్పుడు ఎవరికీ అక్కరకు రావు. రంగుల సంగతీ అంతే. బ్రిటన్‌లో 1997కు ముందు నీటి సిలిండర్ ఎరుపు, నురగది మీగడ రంగు, పొడిది నీలం, కార్బన్ డయాక్సైడ్‌ది నలుపు. పాత్ర మొత్తానికి అదే రంగు కనుక గది అవతలి నుంచే తెలిసిపోయేది. ఐరోపా ప్రమాణం అమలయ్యాక అన్నీ ఎరుపే అయి, రకాన్ని చెప్పే రంగు ఒక చిన్న పట్టీకి పరిమితమైంది. అన్నీ ఒకే రంగులో ఉంటే ఎక్కడున్నాయో త్వరగా కనిపిస్తాయన్న వాదనలో నిజం లేకపోలేదు. అయితే కనిపించినది ఏ రకమో తెలియకపోతే, కరెంటు మంటమీద నీళ్లు కొట్టే ప్రమాదం ఉంది. పట్టీ వెడల్పును పెంచడానికి ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు.

బరువు, వ్యవధి గురించి క్లుప్తంగా చెబుతాను. 6 కిలోల పొడి పట్టే సిలిండర్ మొత్తం బరువు 9 నుంచి 10 కిలోల దాకా ఉంటుంది. చేత్తో వాడే సిలిండర్లలో చాలావాటికి చిమ్మే కాలం 10 నుంచి 25 సెకన్ల లోపే. ఈ రెండో సంగతి వినగానే శిక్షణకు వచ్చినవారిలో ఎక్కువమంది ఆశ్చర్యపోతారు, కొన్ని నిమిషాలైనా వస్తుందనుకున్నామంటారు. మంట మొదలును వదిలి పై జ్వాలలమీద కొడితే ఆ కొద్ది సెకన్లూ గాలిలో కలిసిపోతాయి. ఎన్ని సెకన్లు వస్తుందన్న అంకె సిలిండర్‌మీద పెద్ద అక్షరాల్లో ఉంటే, మనిషి తన అడుగును, గురిని, వెనక్కి తప్పుకోవలసిన క్షణాన్ని దానికి తగ్గట్టు లెక్కవేసుకుంటాడు.

వీటన్నింటికీ శిక్షణే జవాబు అనేవారున్నారు. శిక్షణ ఇచ్చేవాణ్ణి కనుక దాని విలువ నాకు తెలుసు, దాని హద్దులూ తెలుసు. మంట అంటుకున్నప్పుడు సిలిండర్‌కు దగ్గర్లో ఉండేది శిక్షణ పొందినవారే అని ఎవరూ హామీ ఇవ్వలేరు. ప్రమాణాలు రాసేవారు కూడా ఈ సంగతిని ఎరగనివారు కారు. సిలిండర్‌మీద కనిపించే 13ఏ, 55బి వంటి అంకెలు పరీక్షశాలలో ఆర్పిన మంట పరిమాణాన్ని చెబుతాయి. ఐరోపా పద్ధతిలో 13ఏ అంటే 1.3 మీటర్ల పొడవైన కట్టెల పేర్పు, 55బి అంటే 55 లీటర్ల ద్రవం పోసిన పళ్లెం. ఆ మంటలను ఆర్పేది చేయి తిరిగిన పరీక్షకుడు. అమెరికా పద్ధతిలో ఒక మెచ్చదగిన నిజాయితీ ఉంది. అక్కడ 10బి అంకె పొందాలంటే నిపుణుడు 25 చదరపు అడుగుల ద్రవపు మంటను ఆర్పి చూపాలి. అనుభవం లేనివాడు అందులో 40 శాతమే ఆర్పగలడని ఒప్పుకుని, అంకెను 10కి తగ్గించారు. మంచిదే. ఐతే ఆ తగ్గింపు పిన్ను లాగిన తర్వాతి పనికే వర్తిస్తుంది. పిన్నే రాని మనిషికి 40 శాతమూ లేదు.

కాబట్టి తయారీదారులను, ప్రమాణాల సంఘాల్లో కూర్చునే నిపుణులను మీ పత్రిక ద్వారా కోరేది ఒకటుంది. ప్రతి కొత్త నమూనాను మార్కెట్‌లోకి పంపేముందు, ఇప్పుడు చేసే పీడన పరీక్షలతో, మంట పరీక్షలతో పాటు, దాన్ని ఎన్నడూ ముట్టని కొందరి చేతికిచ్చి చూడండి. వారిలో పెద్దవయసువారు, చిన్నచేతులవారు, ఎడమచేతివాటంవారు తప్పక ఉండాలి. ఎవరూ ఏమీ చెప్పకూడదు. కొక్కెం నుంచి దించిన క్షణం మొదలు తొలి పొడి బయటపడేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో, ఎంతమంది పిన్ను దగ్గరే ఆగిపోయారో రాయండి. ఆ ఫలితాన్ని 13ఏ, 55బి అంకెల పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో సిలిండర్‌మీద ముద్రించండి. కొనేవారు ఆ అంకెను కూడా చూసి ఎంచుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
మంటలార్పే పరికరాల నిర్వహణ వృత్తిలో ఉన్నవాడు